రెండో గేరులో తేలే లెక్క

ఆటోక్రాస్ కోసం స్పోర్ట్స్ కారు కొనాలని మా షాపుకి వచ్చే కుర్రాళ్లు మొట్టమొదట అడిగేది టార్క్ గురించే. "అన్నా, పాత మాజ్డా మియాటాకి టార్క్ లేదంటున్నారు, కొత్తది తీసుకోనా?" అంటారు. నేను అవుననీ కాదనీ అనను. కాగితం, పెన్సిలు తీసి పక్కన కూర్చోబెట్టుకుంటాను. బ్రోచర్‌లో రాసేది ఇంజన్ పుట్టించే టార్క్. పోటీలో పనికొచ్చేది వెనక టైరు నేలకు దించగలిగిన టార్క్. ఆ రెండింటికీ నడుమ గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, సస్పెన్షన్, టైరు ఉన్నాయి. ఇన్నేళ్లుగా నా పనంతా ఆ నడుమ భాగంలోనే. మీరు కూడా ఈ పనిలోకి వస్తే బ్రోచర్ పక్కన పెట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి.

నేను పని నేర్చింది బెజవాడ ఆటోనగర్‌లో. అక్కడ మాజ్డా అంటే మాకు స్వరాజ్ మాజ్డా లారీలు, మినీ బస్సులే. అదే పేరు మీద రెండు సీట్ల చిన్న కారు ఒకటుందని అమెరికా వచ్చాకే చూశాను. మా గురువుగారు బండికి జాకీ పెట్టకముందే టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాసేవారు. లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి. ఒక దిక్కున నున్నగా జారి, రెండో దిక్కున గరుగ్గా తగిలితే "టో తప్పిందిరా" అనేవారు, అంటే చక్రాలు తిన్నగా లేవని. గేజి పెట్టి చూస్తే ఆయన మాటే నిలిచేది. డాలస్ దగ్గర మా షాపులో కంప్యూటర్ అలైన్‌మెంట్ మెషిన్ ఉంది. అయినా దాని మీదికి ఎక్కించే ముందు ప్రతి బండి టైరునూ నేను చేత్తో తడిమి చూస్తాను. ఆటోక్రాస్ నాకు నేర్పింది మా షాపులోనే పనిచేసి రిటైరైన ఒక అమెరికన్ పెద్దాయన. చేత్తో చదవడం గురువుగారు నేర్పారు, చదివింది నోటుబుక్కులో రాసిపెట్టడం ఈయన నేర్పారు. నా పనిలో మంచేదైనా ఉంటే అందులో ఈ ఇద్దరి వాటా పెద్దది.

ఆటోక్రాస్ చూడనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. ఖాళీ పార్కింగ్ స్థలంలోనో, వాడకం ఆగిపోయిన రన్‌వే మీదో ప్లాస్టిక్ కోన్లు పెట్టి దారి ఏర్పాటు చేస్తారు. పోటీ గడియారంతోనే, పక్క బండితో కాదు. చాలాచోట్ల ఒక పరుగు నిమిషంలో అయిపోతుంది. కోన్ పడేస్తే ఒక్కోదానికి 2 సెకన్లు కలుపుతారు. 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఈ పోటీలను సోలో పేరుతో నడుపుతోంది. దాని జాతీయ పోటీలు 2009లో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌కు మారాయి. బండ్లను వాటి సత్తాను బట్టి తరగతులుగా విడగొడతారు కాబట్టి పాత బండికీ కొత్త బండికీ దేని పోటీ దానికి ఉంటుంది. వేగం ఎక్కువసేపు గంటకు 40 నుంచి 100 కిలోమీటర్ల మధ్యే. అంటే బయల్దేరిన రెండు మూడు క్షణాలు తప్ప మిగతా పరుగంతా రెండో గేరులోనే. అందుకే మన లెక్క కూడా అక్కడే తేలుతుంది.

నేర్చుకోవడానికి మాజ్డా మియాటాను మించిన పాఠం లేదు. ఇంజన్ ముందు, తోసేది వెనక చక్రాలు, సీట్లు రెండే. 1989 నుంచి ఇప్పటిదాకా నాలుగు తరాలు వచ్చాయి. వాటిని మేం ఎన్‌ఏ, ఎన్‌బి, ఎన్‌సి, ఎన్‌డి అంటాం. మొదటి ఎన్‌ఏలో 1.6 లీటర్ల ఇంజన్. 5,500 ఆర్‌పీఎం దగ్గర సుమారు 136 న్యూటన్ మీటర్ల టార్క్. 1994లో 1.8 లీటర్లు అయ్యేసరికి అది 149కి చేరింది. 1999 మోడల్‌గా వచ్చిన ఎన్‌బిలో సుమారు 161. 2006 మోడల్ ఎన్‌సిలో 2 లీటర్ల ఇంజన్, 190. 2016 మోడల్ ఎన్‌డిలో 200, 2019లో ఆ ఇంజన్‌ను మెరుగుపరిచాక 205. ఇవి చదివితే ప్రతి తరం ముందుదాన్ని తన్నేసిందనిపిస్తుంది. ఇక్కడే పెన్సిలు తియ్యాలి.

ఇంజన్ టార్క్‌ను రెండో గేరు రేషియోతో గుణించండి. వచ్చినదాన్ని ఫైనల్ డ్రైవ్ రేషియోతో గుణించండి. రాపిడిలో పోయేది పక్కన పెడితే, వెనక చక్రాల దగ్గరికి చేరే టార్క్ అదే. 1990 ఎన్‌ఏకి 136ను 1.888తో, తర్వాత 4.30తో గుణిస్తే సుమారు 1,100. ఆరు గేర్ల ఎన్‌సికి 190, 2.26, 4.10, ఫలితం 1,760. 2019 ఎన్‌డికి 205, 2.991, 2.866; ఫలితం 1,757. చూశారా? ఇంజన్ దగ్గర 15 న్యూటన్ మీటర్లు ఎక్కువున్న ఎన్‌డి, చక్రం దగ్గరికొచ్చేసరికి ఎన్‌సితో సమానమైపోయింది. ఆ తేడాను గేర్లే మింగేశాయి.

మరి పోటీలో ఎన్‌డి ఎందుకు ముందుంటుంది? మూడు కారణాలున్నాయి. ఒకటి బరువు. ఎన్‌డి సుమారు 1,060 కిలోలు, ఎన్‌సి దానికంటే 60, 70 కిలోలు ఎక్కువ. రెండోది టార్క్ దొరికే చోటు. ఎన్‌సి పూర్తి టార్క్ 5,000 ఆర్‌పీఎం దగ్గర, 2019 ఎన్‌డిది 4,000 దగ్గర. ఇరుకు మలుపు నుంచి గంటకు 47 కిలోమీటర్ల వేగంతో బయటపడితే ఎన్‌డి ఇంజన్ రెండో గేరులో 3,500 ఆర్‌పీఎం మీద ఉంటుంది. అంటే కాలు నొక్కిన మరుక్షణం పికప్ అందుతుంది. మూడోది చాలామంది చూడనిది: రెండో గేరు ఎంతదాకా వెళ్తుందన్నది. ఫ్యాక్టరీ టైర్లతో లెక్కేస్తే మొదటి ఎన్‌సి రెండో గేరు గంటకు 84 కిలోమీటర్ల దగ్గర ఆఖరవుతుంది. మొదటి ఎన్‌డిది 92 దగ్గర. 2019లో రెడ్‌లైన్‌ను 6,800 నుంచి 7,500కి పెంచారు కాబట్టి ఆ ఎన్‌డి రెండో గేరులోనే 100 దాటుతుంది. వేగమైన కోర్సులో ఎన్‌సి నడిపేవాడు మూడో గేరుకి వెళ్లి మళ్లీ రెండుకి రావాలి. ఎన్‌డి వాడి చేతులు స్టీరింగ్ మీదే ఉంటాయి. బ్రోచర్‌లో 2019 ఇంజన్‌కు పెరిగిన హార్స్‌పవర్ గురించి పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆటోక్రాస్‌లో ఆ మార్పు తెచ్చిన అసలు లాభం ఈ 700 ఆర్‌పీఎం.

ఎన్‌సి ఉన్నవాళ్లకు ఒక కిటుకు. రెండో గేరు ఆఖరయ్యాక ముందు మిగిలిన తిన్నని దారి పొట్టిగా ఉంటే గేరు మార్చకండి. ఇంజన్ లిమిటర్‌కి తగిలి గరగరమన్నా కాసేపు అలాగే ఉండనివ్వండి. పైకి మార్చి మళ్లీ దించేలోపు పోయే కాలం అంతకంటే ఎక్కువ. ఎక్కడ మార్చాలో, ఎక్కడ మార్చకూడదో పొద్దున కోర్సు నడిచేటప్పుడే తేల్చుకోవాలి. బండిలో కూర్చున్నాక ఆలోచించే తీరిక దొరకదు.

టార్క్ చక్రం దాకా వచ్చినంత మాత్రాన నేలకు దిగినట్టు కాదు. గుంటూరు వైపు కుర్రాడొకడు 1994 ఎన్‌ఏ కొన్నాడు. ఆర్ ప్యాకేజీ బండి, టోర్సెన్ డిఫరెన్షియల్ ఉన్నది. మంచి బండి. ఎవరో చెప్పారని వెనక లావుపాటి స్వే బార్, అంటే మలుపులో బండి ఒరగకుండా పట్టే కడ్డీ, వేయించాడు. వారం తిరక్కుండా వచ్చి, "అన్నా, మలుపు నుంచి బయటికొస్తుంటే ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం లాగట్లేదు. క్లచ్ ప్లేటు పోయిందనుకుంటా" అన్నాడు. క్లచ్ అనుమానం తీర్చుకోవడానికి షాపు చుట్టూ ఒక చుట్టు చాలు. నాలుగో గేరులో తక్కువ వేగం మీద యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాను. ఆర్‌పీఎం ఎగిరిపోకుండా బండితో పాటే నింపాదిగా ఎక్కింది. క్లచ్ బాగానే ఉంది. "ఈసారి పోటీలో మలుపు బయట నిలబడి, ఫోను నేలకు దగ్గరగా పెట్టి వెనక నుంచి వీడియో తీయించు తమ్ముడూ" అన్నాను. వీడియోలో స్పష్టంగా కనబడింది. మలుపులో లోపలి వెనక చక్రం నేల వదిలేస్తోంది. టైరు కింద నుంచి అవతలి కోన్ కనిపిస్తోంది.

టోర్సెన్ గుణం తెలిస్తే సంగతి అర్థమవుతుంది. పట్టు తక్కువున్న చక్రం మోయగలిగినదానికి కొన్ని రెట్లు పట్టున్న చక్రానికి పంపడం దాని పని. లోపలి చక్రం గాల్లో ఉంటే అది మోసేది సున్నా. సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. వెనక బార్ మరీ బిగువైతే లోపలి చక్రాన్ని అదే పైకి ఎత్తేస్తుంది. ముందు చక్రాలు తోసే హ్యాచ్‌బ్యాక్‌లకు లావు వెనక బార్ మేలు చేస్తుంది. వెనక చక్రాలు తోసే తేలికబండికి చెరుపు చేస్తుంది. నేను వెనక పాత బార్ మళ్లీ బిగించి, ముందు బార్‌ను ఒక సైజు పెంచాను. బండి ఒరగడం అటునుంచి తగ్గింది, వెనక చక్రాలు రెండూ నేల మీద నిలిచాయి. తర్వాతి పోటీలో అతని సమయం సెకనుకు పైగా తగ్గింది. ఇంజన్‌లో ఒక్క బోల్టు కూడా ముట్టుకోలేదు. దారిలో ఎప్పుడైనా చక్రం లేస్తే దానికీ ఒక ఉపాయం ఉంది. యాక్సిలరేటర్ వదలకుండా ఎడమ కాలితో బ్రేకు కొంచెం అద్దండి. ఊరికే తిరిగే చక్రానికి ఆ బ్రేకే బరువవుతుంది, టోర్సెన్‌కు రెట్టింపు చేయడానికి ఎంతో కొంత దొరుకుతుంది. మాజ్డా 2022 మోడల్ నుంచి ఎన్‌డిలో లోపలి వెనక చక్రానికి సన్నగా బ్రేకు పడేలా ఏర్పాటు చేసింది. దాని గురి వేరే, మలుపులో వెనక భాగం పైకి లేవకుండా చూడటం. అయినా చిన్న బ్రేకు మలుపులో ఎంత పని చేస్తుందో అది చూస్తే తెలుస్తుంది.

టర్బో మోజు గురించి కూడా చెప్పాలి. 2004, 2005లో మాజ్డాయే ఎన్‌బికి టర్బో పెట్టి మాజ్డాస్పీడ్ పేరుతో అమ్మింది. టార్క్ సుమారు 225 న్యూటన్ మీటర్లు, మొదటి ఎన్‌ఏ కంటే చాలా ఎక్కువ. హైవే మీద హాయిగా ఉంటుంది. కోన్ల మధ్య వంకర్లు తిరిగేటప్పుడు మాత్రం యాక్సిలరేటర్ ప్రతి క్షణం కొంచెం వదులుతూ కొంచెం నొక్కుతూ ఉండాలి. టర్బో టార్క్ కాలు నొక్కిన కాసేపటికి వస్తుంది. అప్పటికి మీరు తర్వాతి కోన్ దగ్గర ఉంటారు, అక్కడ మీకది అక్కర్లేదు. టర్బో బండి నడిపేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కాలు పూర్తిగా వదలకండి, మలుపు సగానికి ముందే మెల్లగా మొదలుపెట్టండి. టార్క్ వచ్చే వేళకు స్టీరింగ్ తిన్నగా ఉండాలి.

తరం మారితే హ్యాండ్లింగ్ ఎలా మారుతుందో చూడాలంటే హోండా ఎస్2000 తీసుకోండి. 1999లో వచ్చిన మొదటి రకం ఏపీ1. 2 లీటర్ల ఇంజన్, టార్క్ 207 న్యూటన్ మీటర్లు, అదీ 7,500 ఆర్‌పీఎం దగ్గర. వీటెక్ అనే ఏర్పాటులో పై వేగాల క్యామ్ అందుకునేది దాదాపు 6,000 దగ్గర. ఇరుకు మలుపులో ఆర్‌పీఎం నాలుగున్నర వేలకు పడితే బండి నీరసించిపోతుంది. 2004లో అమెరికాకు వచ్చిన ఏపీ2లో ఇంజన్ 2.2 లీటర్లయింది. టార్క్ 220, 6,500 ఆర్‌పీఎంకే. పెరిగింది 13 న్యూటన్ మీటర్లే. కానీ వెయ్యి ఆర్‌పీఎం కిందనే దొరుకుతోంది, పైగా కింది గేర్లు సుమారు 4 శాతం పొట్టి అయ్యాయి. మలుపు నుంచి బయటపడేటప్పుడు ఈ రెండూ కలిసి పనిచేస్తాయి.

అంతకంటే పెద్ద మార్పు కింద జరిగింది. ఏపీ1లో వెనక సస్పెన్షన్ కుంగినప్పుడు, లేచినప్పుడు వెనక చక్రాల టో బాగా మారుతుంది. మలుపు మధ్యలో భయపడి ఒక్కసారిగా కాలు తీస్తే వెనక భాగం లేస్తుంది, చక్రాల దిశ మారుతుంది, బండి గిర్రున తిరుగుతుంది. ఏపీ2లో హోండా ఆ మార్పును తగ్గించింది, వెనక టైర్లను వెడల్పు చేసింది. ఏపీ1 అలైన్‌మెంట్‌కి వస్తే నేను ముందు వెనక బుష్‌లు చూస్తాను. అవి అరిగి ఉంటే మెషిన్ మీద పెట్టిన టో రోడ్డు మీద నిలవదు. బుష్‌లు బాగుంటే వెనక టో-ఇన్ కొంచెం ఎక్కువే ఉంచుతాను. నడిపేవాడికి ఒక మాట చెబుతాను: మలుపులోకి వెళ్లక ముందే వేగం తగ్గించు, లోపలికి వెళ్లాక కాలు కదపకు. ఏపీ1 మీద ఓపిక నేర్చినవాడు తర్వాత ఏ బండినైనా నడపగలడు.

పెద్ద టార్క్ బండ్లలో లెక్క తిరగబడుతుంది. 2002 నుంచి 2004 దాకా వచ్చిన కార్వెట్ జెడ్06లో సుమారు 540 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది. చక్రం దగ్గర అది మియాటాకి రెండింతలు దాటుతుంది. వెనక టైరు వెడల్పు 295 మిల్లీమీటర్లు, అయినా చాలదు. అక్కడ సమస్య టార్క్ ఎలా తేవాలన్నది కాదు, ఎంత ఆపాలన్నది. మియాటాలో మలుపు మధ్యలోనే కాలు నొక్కేయవచ్చు. కార్వెట్‌లో స్టీరింగ్ విప్పుతున్నంత మేరకే కాలు నొక్కాలి. చిన్న బండి మీద వేగం నిలబెట్టుకోవడం నేర్చుకోకుండా నేరుగా పెద్ద బండి ఎక్కినవాళ్లు చాలాకాలం ఒక్కచోటే ఆగిపోవడం చూశాను.

నా చేతి పనికి మొదటి గుర్తింపు పెద్దాయన సొంత ఎన్‌ఏ మీదే వచ్చింది. ముందు సస్పెన్షన్ కింది ఆర్మ్‌కు రెండు ఎక్సెంట్రిక్ బోల్టులుంటాయి. ఒకటి తిప్పితే క్యాంబర్ (చక్రం నిలువు వాలు)తో పాటు క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వాలు) మారుతుంది, రెండోది తిప్పినా అంతే. క్యాంబర్ కోసం రెండింటినీ చివరిదాకా తిప్పేస్తే క్యాస్టర్ పోతుంది, స్టీరింగ్ తేలిపోతుంది. ఒకదాన్ని ఒక గీత, రెండోదాన్ని ఇంకో గీత జరుపుతూ రెండూ దక్కే చోటు వెతకాలి. డ్రైవరు సీట్లో ఆయన బరువుకు సరిపడా ఇసుక సంచులు పెట్టాను. తేలిక బండిలో మనిషి కూర్చుంటే కొలతలన్నీ మారతాయి. బోల్టు బిగించేటప్పుడు కూడా కొలత జరుగుతుంది కాబట్టి, బిగించిన ప్రతిసారీ మళ్లీ కొలిచాను. పొద్దుపోయేదాకా పట్టింది. ఆ ఆదివారం ఆయన తన తరగతిలో మొదటి స్థానంలో నిలిచారు. వచ్చి నా భుజం తట్టి, తర్వాతి బండి తాళాలు చేతిలో పెట్టారు. మా షాపులో ఆటోక్రాస్ బండ్లు నాకు అప్పగించడం అప్పటి నుంచే.

పోటీ రోజున మీ చేతిలో ఉండేవి గాలి గేజి, సుద్దముక్క, నోటుబుక్కు. టైరు అంచు మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. ఆ చోట నడిచే భాగం నుంచి పక్క గోడ దాకా సుద్దతో అడ్డంగా ఒక గీత గీయండి. నాలుగు టైర్లకూ అలాగే. పరుగు అయ్యాక చూస్తే సుద్ద ఎంతదాకా చెరిగిందో తెలుస్తుంది. త్రికోణం మొన దాకా చెరిగితే గాలి సరిగ్గా ఉంది. దాన్ని దాటి పక్క గోడ మీదికి పోతే గాలి తక్కువైంది, టైరు మడత పడుతోంది. మొన దాకా రాకపోతే గాలి ఎక్కువైంది, అంచు పని చేయడం లేదు. మియాటా లాంటి తేలిక బండికి 30 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, ఒక్కోసారి ఒక్క పీఎస్‌ఐ చొప్పునే మార్చండి. ఒక పరుగుకి ఒక్క మార్పే చేయండి. ఒకేసారి రెండు మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. ఈ నియమం పెద్దాయనది. నేను నా దగ్గర నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే చెబుతాను.

ఇక ఏ తరం కొనాలి? డబ్బు తక్కువుండి, నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే 1.8 లీటర్ల ఎన్‌ఏ గానీ ఎన్‌బి గానీ తీసుకోండి. టార్క్ తక్కువ కాబట్టి మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని ఇంజన్ తిరిగి తెచ్చిపెట్టదు, మీ తప్పు మీకు గడియారంలోనే కనిపిస్తుంది. ఇంటి బడ్జెట్‌లోనే ఉండి కాస్త బలం కావాలంటే ఎన్‌సి మంచిది, గేరు మార్చే చోటు జాగ్రత్తగా చూసుకోవాలంతే. గెలవడానికే వస్తే 2019 తర్వాతి ఎన్‌డి, క్లబ్ రకం, మాన్యువల్ గేర్లతో. టోర్సెన్ లాంటి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉందో లేదో కాగితాల్లో చూసి మరీ కొనండి. ఏది కొన్నా మొదటి సీజన్‌లో ఇంజన్ మీద పైసా ఖర్చు పెట్టకండి. ముందు మంచి టైర్లు, తర్వాత అలైన్‌మెంట్, ఆ తర్వాత షాక్ అబ్సార్బర్లు. వీటి తర్వాత కూడా మలుపు బయట టైర్లు రెండూ నేలను గట్టిగా పట్టుకుని, ఇంకా లాగుడు కావాలని బండే అడుగుతుంటే, అప్పుడు రండి. ఇంజన్ గురించి మాట్లాడుకుందాం.